జీతం పడేది ఇస్లామిక్ బ్యాంకులో, పొదుపు చేసేది వడ్డీ ఖాతాలో: మామిడికుదురు గల్ఫ్ కుటుంబాల ముందున్న డిజిటల్ ప్రశ్న

నెల మొదటి వారం వచ్చిందంటే మామిడికుదురు మండలంలోని చాలా ఇళ్లలో ఫోన్లు మోగుతాయి. కువైట్‌లో డ్రైవరు పనిచేసే భర్త, మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లి, దోహాలో ఏసీ మెకానిక్‌గా ఉన్న తమ్ముడు... ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగే మాట ఒకటే, "డబ్బులు పడ్డాయా?" ఒకప్పుడు శుక్రవారం సెలవు చూసుకుని ఎక్స్ఛేంజి దుకాణం ముందు లైన్లో నిలబడి, చీటీ రాయించుకుని, నంబరు ఇంటికి చెప్పేవాళ్లు. ఇప్పుడు చాలామందికి జీతం బ్యాంకు ఖాతాలోనే పడుతోంది. పని అయ్యాక గదిలో మంచం మీద కూర్చుని యాప్‌లో నాలుగు నొక్కులు నొక్కితే నిమిషాల్లో అమలాపురం, రాజోలు బ్రాంచిల్లోని ఖాతాలకు చేరుతోంది.

అంతవరకు బాగానే ఉంది. అటు పక్క ఆ జీతం పడింది ఇస్లామిక్ బ్యాంకులో కావచ్చు. ఆ బ్యాంకు వడ్డీ తీసుకోదు, వడ్డీ ఇవ్వదు, షరియత్ బోర్డు పెట్టుకుని నడుస్తుంది. ఇటు పక్క ఆ డబ్బు దిగేది మాత్రం మామూలు సేవింగ్స్ ఖాతాలో. మూడు నెలలకోసారి దాని మీద కొంత వడ్డీ జమ అవుతుంది. దీన్ పట్టింపు ఉన్న కుటుంబాలు ఆ కొంచెం మొత్తాన్ని లెక్కగట్టి, సవాబ్ ఆశించకుండా, ఎవరో అవసరంలో ఉన్నవాళ్లకు ఇచ్చేసి చేతులు కడుక్కుంటాయి. అసలు సమస్య జమ అయ్యే వడ్డీ కాదు, కట్టాల్సిన వడ్డీ. వీసాకు, టికెట్టుకు లక్ష రూపాయలు అప్పు చేసి వెళ్లిన మనిషి ఊళ్లో నూటికి రెండు రూపాయల లెక్కన నెలకు 2,000, ఏడాదికి 24,000 కడుతుంటాడు. ఫోన్ నొక్కగానే వచ్చిన గల్ఫ్ డబ్బులో మొదటి వాటా ఆ వడ్డీదే.

ఇస్లామిక్ బ్యాంకింగ్‌లో డిజిటల్ మార్పు, దానివల్ల పనితీరు ఎంత మెరుగుపడింది అన్న చర్చ గల్ఫ్‌లోనూ మలేషియాలోనూ జోరుగా నడుస్తోంది. ఆ చర్చను కోనసీమ నుంచి చూస్తే వేరే రంగులో కనబడుతుంది. అక్కడ డిజిటల్ అంటే పెద్ద బ్యాంకుకు లాభం పెరగడం. ఇక్కడ వడ్డీ లేని చిన్న సంఘం బతుకుతుందా మూతపడుతుందా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

అటు పక్క ఏం జరుగుతోంది

కోనసీమ మనుషులు వెళ్లే దేశాలు ఈ విషయంలో ఒక్కలాంటివి కావు. కువైట్‌లో ఇస్లామిక్ బ్యాంకింగ్ 1977లో కువైట్ ఫైనాన్స్ హౌస్‌తో మొదలైంది. దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు అంతకంటే ముందే, 1975లో వచ్చింది. ఒమన్ మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. 2011లో అనుమతి ఇచ్చాక, 2013 జనవరిలో బ్యాంక్ నిజ్వా తలుపులు తెరిచింది. అంటే మస్కట్‌లో ఇరవై ఏళ్లు పనిచేసి తిరిగొచ్చిన పాతతరం మనిషికి అక్కడ ఇస్లామిక్ బ్యాంకు అన్నది తెలియకపోవచ్చు. ఖతర్ ఇంకో అడుగు వేసింది. మామూలు బ్యాంకులు ఒక కౌంటర్ పెట్టి ఇస్లామిక్ సేవలు అమ్మడాన్ని 2011లో ఆపేయమంది. రెండు రకాల డబ్బు కలిసిపోతోందన్నది అక్కడి సెంట్రల్ బ్యాంకు అభ్యంతరాల్లో ఒకటి. భారతదేశంలో తర్వాత చర్చకొచ్చింది సరిగ్గా ఆ కౌంటర్ పద్ధతే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ బ్యాంకులన్నీ ఇప్పుడు ఫోన్‌లోకి దిగాయి. కువైట్ ఫైనాన్స్ హౌస్ కుర్రకారు కోసం 'తమ్' పేరుతో డిజిటల్ బ్యాంకు పెట్టింది. మలేషియాలో 2024లో ఏయాన్ బ్యాంకు బ్రాంచి లేని తొలి ఇస్లామిక్ డిజిటల్ బ్యాంకుగా మొదలైంది. 1957లో డబ్బు మార్పిడి వ్యాపారంగా మొదలైన సౌదీ అల్ రాజ్‌హీ ఇప్పుడు ప్రపంచంలోనే అతిపెద్ద ఇస్లామిక్ బ్యాంకుల్లో ఒకటి. దాని ఖాతాదారుల పనుల్లో అధికభాగం బ్రాంచి గడప తొక్కకుండానే జరిగిపోతున్నాయి.

మరి దీనివల్ల పనితీరు పెరిగిందా? బ్యాంకు పనితీరును కొలిచే కొలతల్లో సామాన్యుడికి అర్థమయ్యేది ఒకటుంది. వంద రూపాయలు సంపాదించడానికి ఎన్ని రూపాయలు ఖర్చు పెట్టారు అన్నది. యాప్ వస్తే బ్రాంచి అద్దె, గుమాస్తా జీతం, కాగితం ఖర్చు తగ్గుతాయి. అయితే మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్, సైబర్ భద్రత, కొత్త ఉద్యోగుల ఖర్చు మీద పడి లాభం తగ్గినట్టే కనిపిస్తుంది. పెద్ద బ్యాంకు ఆ దెబ్బ తట్టుకుంటుంది. చిన్నది తట్టుకోలేదు. అందుకే డిజిటల్ వచ్చాక పెద్దవి ఇంకా పెద్దవవుతున్నాయి.

ఇక్కడ జనం పెద్దగా పట్టించుకోని సంగతులు రెండున్నాయి. కరెంట్ ఖాతాలో పడే జీతం షరియత్ లెక్కలో బ్యాంకుకు ఇచ్చిన ఖర్జ్, అంటే అప్పు. దాని మీద బ్యాంకు ఏమీ ఇవ్వక్కర్లేదు. లాభం వద్దనుకునే దీన్‌దార్ ఖాతాదారు బ్యాంకుకు చవగ్గా, ఒక్కోసారి ఊరికే దొరికే పెట్టుబడి. గల్ఫ్ ఇస్లామిక్ బ్యాంకుల లాభాల్లో ఈ ఊరికే డబ్బు వాటా తక్కువేం కాదు. రెండోది ముదారబా డిపాజిట్. అందులో డబ్బు ఖాతాదారుది, వ్యాపారం బ్యాంకుది, వచ్చిన లాభం ముందే అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. బ్యాంకు తన సొంత ఆఫీసు ఖర్చులను సాధారణంగా తన వాటాలోంచే భరించాలి. యాప్ వల్ల ఆ ఖర్చు తగ్గితే మిగిలింది వాటాదారులకే పోతుంది. నిష్పత్తి మార్చితే తప్ప ఖాతాదారుకు పైసా రాదు. "మా బ్యాంకు డిజిటల్‌లో నంబర్ వన్" అన్న ప్రకటన చూసి మురిసిపోయే ఖాతాదారు ఈ ప్రశ్న అడగాలి.

ఇంకా లోతైన చిక్కు తవర్రుఖ్ దగ్గర ఉంది. యాప్‌లో ఐదు నిమిషాల్లో దొరికే 'ఇస్లామిక్ పర్సనల్ ఫైనాన్స్' ఎక్కువగా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. బ్యాంకు ఏదో సరుకు కొని ఖాతాదారుకు వాయిదా మీద ఎక్కువ ధరకు అమ్ముతుంది. ఖాతాదారు తరఫున ఆ సరుకును వెంటనే ఇంకొకరికి నగదుకు అమ్మేస్తారు. చేతికి నగదు వస్తుంది, మీద వాయిదా బాకీ మిగులుతుంది. సరుకును కళ్లతో చూసినవాళ్లు ఎవరూ ఉండరు. మలేషియాలో 2009లో ఇందుకోసమే బుర్సా సూఖ్ అల్ సిలా అనే ఎలక్ట్రానిక్ మార్కెట్టు పెట్టి పామాయిల్ మీద ఈ లావాదేవీలు నడుపుతున్నారు. అదే ఏడాది షార్జాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఇలా ముందే ఏర్పాటు చేసుకున్న తవర్రుఖ్ చెల్లదని తీర్మానించింది. బహ్రెయిన్‌లోని ప్రమాణాల సంస్థ ఆయోఫీ మాత్రం కొన్ని షరతులతో ఒప్పుకుంటుంది. ఉలమాల మధ్య తేడా ఉంది సరే. కానీ ఒకప్పుడు సరుకు, గోదాము, రసీదు అంటూ కనీసం ఒకపూట పట్టే వ్యవహారం ఇప్పుడు మూడు నొక్కుల్లో అయిపోతోంటే, అమ్మకం జరిగిందన్న స్పృహ కూడా మనిషికి మిగలడం లేదు. వేగం పెరిగేకొద్దీ వ్యాపారం పేరు మిగిలి, వ్యాపారం మాయమవుతోంది. పనితీరు లెక్కల్లో ఈ నష్టం ఎక్కడా కనిపించదు.

ఇటు పక్క తలుపు ఎందుకు తెరుచుకోలేదు

భారతదేశంలో ఇస్లామిక్ బ్యాంకు లేకపోవడానికి కారణం ఎవరో ఒక మంత్రి ఇష్టాయిష్టాలు మాత్రమే అనుకుంటే పొరపాటు. 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం బ్యాంకును అప్పులిచ్చే సంస్థగా చూస్తుంది. ఎనిమిదో సెక్షన్ బ్యాంకు సరుకుల వ్యాపారం చేయకూడదంటుంది. అంటే మురాబహా పద్ధతిలో సరుకు కొని అమ్మడానికి వీల్లేదు. తొమ్మిదో సెక్షన్ బ్యాంకు సొంత వాడకానికి కాని స్థిరాస్తిని ఏడేళ్లకు మించి ఉంచుకోకూడదంటుంది. ఇల్లు బ్యాంకు కొని అద్దె మీద ఇచ్చి చివరికి అమ్మే ఇజారా పద్ధతికి అది అడ్డు. పైగా ఇల్లు రెండుసార్లు చేతులు మారితే రెండుసార్లు స్టాంపు డ్యూటీ.

2005లో రిజర్వు బ్యాంకు ఆనంద్ సిన్హా నాయకత్వంలో వేసిన బృందం ఇప్పుడున్న చట్టాల కింద ఇది కుదరదని తేల్చింది. 2008లో రఘురాం రాజన్ కమిటీ, వడ్డీ లేని బ్యాంకింగ్ లేకపోవడంవల్ల కొందరు బ్యాంకులకు దూరంగా ఉండిపోతున్నారని, దాన్ని విస్తృతంగా అందుబాటులోకి తేవాలని సిఫారసు చేసింది. 2015 డిసెంబరులో దీపక్ మొహంతి కమిటీ మామూలు బ్యాంకుల్లోనే వడ్డీ లేని కౌంటర్ పెట్టొచ్చంది. 2016లో రిజర్వు బ్యాంకు ఆ దిశగా కదిలినట్టే కనిపించింది. 2017 నవంబరుకల్లా, పౌరులందరికీ బ్యాంకింగ్ సేవలు సమానంగా అందుబాటులో ఉన్నాయి కాబట్టి ఈ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లడం లేదని సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చింది. పన్నెండేళ్ల చర్చ అక్కడ ఆగింది.

ఈ పన్నెండేళ్లలో దేశం డిజిటల్‌లో ఎక్కడికో వెళ్లిపోయింది. 2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాలు, 2016లో యూపీఐ వచ్చాయి. 2020 జనవరి నుంచి యూపీఐ మీద దుకాణదారు నుంచి రుసుము తీసుకోవడం కూడా ఆపేశారు. పాశర్లపూడి సెంటర్లో కొబ్బరి బోండాల బండి మీద కూడా స్కాన్ చేసే బొమ్మ ఉంటుంది. డబ్బు నడిచే రోడ్డు తయారైంది కానీ ఆ రోడ్డు మీద వడ్డీ లేని బండి లేదు. రోడ్డులో కూడా గుంటలున్నాయి. ఎన్నారై ఖాతాను విదేశీ ఫోన్ నంబరుతో యూపీఐకి కలుపుకోవడానికి 2023 జనవరిలో పది దేశాలకు అనుమతిచ్చారు. సౌదీ, యూఏఈ, ఒమన్, ఖతర్ ఆ జాబితాలో ఉన్నాయి. కోనసీమ వాళ్లు ఎక్కువగా వెళ్లే కువైట్ లేదు, బహ్రెయిన్ లేదు.

షరియత్‌కు సరిపడేలా చట్టం నీడలో దొరికేది చెప్పాలంటే, షేర్ల ఫండ్లు. 1996 నుంచి ఉన్న టాటా ఎథికల్ ఫండ్ మద్యం, వడ్డీ వ్యాపారం చేసే కంపెనీలను పక్కనబెట్టి పెట్టుబడి పెడుతుంది. ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు. అయితే అది షేరు మార్కెట్టు. ఆరు నెలల్లో తమ్ముడి వీసాకు కావాల్సిన డబ్బు అందులో పెట్టుకుని కూర్చోలేరు.

ఖాళీని నింపినవాళ్లు

తలుపు మూసి ఉంటే కిటికీలోంచి దూరేవాళ్లు వస్తారు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు బంగారం వ్యాపారంలో వాటా పేరుతో, ఏడాదికి 36 శాతం దాకా లాభం ఇస్తామని లక్షమందికి పైగా దగ్గర డబ్బు తీసుకుందని దర్యాప్తు సంస్థలు చెబుతున్నాయి. తిరుపతికి చెందిన దాని అధిపతి నౌహీరా షేక్‌ను 2018 అక్టోబరులో అరెస్టు చేశారు. ఆమె ఆరోపణలను ఒప్పుకోలేదు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బెంగళూరులో ఐ మానిటరీ అడ్వైజరీ, జనం నోట ఐఎంఏ, 2019 జూన్‌లో కూలింది. దాని అధిపతి మన్సూర్ ఖాన్ ఒక ఆడియో సందేశం వదిలి దుబాయ్ వెళ్లిపోయాడు. జూలైలో తిరిగొస్తే అరెస్టు చేశారు. నలభై వేల దాకా ఫిర్యాదులు, నాలుగు వేల కోట్ల రూపాయల దాకా లెక్క. అందులో పెళ్లి కోసం దాచిన డబ్బుంది, రిటైర్మెంటు డబ్బుంది, గల్ఫ్ చెమట ఉంది.

ఈ రెండింటినీ "మోసగాళ్లు" అని ఒక్కమాటలో కొట్టేస్తే నేర్చుకోవాల్సింది తప్పిపోతుంది. జనం వాటిని నమ్మడానికి మతం ఒక్కటే కారణం కాదు. నెలనెలా ఖాతాలో టంచనుగా లాభం పడింది. ఫోన్‌కు సందేశం వచ్చింది. బ్యాంకు చేసే పనులన్నీ పైకి జరిగినట్టే కనిపించాయి. కనిపించనిది ఒక్కటే, ఆ లాభం ఏ వ్యాపారంలోంచి వస్తోంది అన్నది. వ్యాపారంలో నష్టం కూడా ఉంటుంది. షరియత్ ప్రకారం లాభానికి హక్కు రావాలంటే నష్టానికి సిద్ధపడాలి. ప్రతి నెలా మూడు శాతం తప్పకుండా వస్తే అది వ్యాపారం కాదని కాపరికైనా అర్థం కావాలి. అర్థమైనా అడగలేదు, ఎందుకంటే డబ్బు పడుతోంది కదా.

ఇంకో రకం కిటికీ లోన్ యాప్. ఆధార్, సెల్ఫీ ఇస్తే పది నిమిషాల్లో ఐదు వేలు వస్తాయి. వారం తిరిగేసరికి ఎనిమిది వేలు కట్టమంటారు. కట్టకపోతే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నింటికీ మార్ఫింగ్ ఫోటోలు పోతాయి. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఇలాంటి వేధింపులు తట్టుకోలేక భార్యాభర్తలు ఇద్దరూ ప్రాణం తీసుకున్నారు. కోనసీమకు అది ఎంతో దూరం కాదు. అదే నెలలో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పుల మీద నిబంధనలు తెచ్చింది. తెలుగు నేలకు ఇది కొత్త పాఠం కూడా కాదు. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ వసూళ్ల మీద ఆర్డినెన్సు తెచ్చిన రాష్ట్రం ఇది. అప్పుడు గుమ్మం ముందు కూర్చునేవాళ్లు, ఇప్పుడు ఫోన్‌లో కూర్చుంటున్నారు.

చిన్న సంఘం లెక్క

వడ్డీ లేని సంఘం మన దగ్గర కొత్త ఆలోచన కాదు. హైదరాబాద్‌కు చెందిన పండితుడు ముహమ్మద్ హమీదుల్లా, ఇస్లామిక్ ఆర్థిక ఆలోచనకు హైదరాబాద్ చేసిన సేవ మీద 1955లో ఒక వ్యాసం రాశారు. సంస్థానంలో వడ్డీ లేకుండా నడిచిన పరస్పర సహాయ సంఘాల సంగతి అందులో ఉంది. ప్రపంచంలో ఇస్లామిక్ బ్యాంకు అన్న మాట పుట్టకముందు సంగతి ఇది. తర్వాత ఉత్తరాన 1961లో దేవ్‌బంద్ ముస్లిం ఫండ్, హైదరాబాద్‌లో 1966లో తూర్ బైతుల్‌మాల్ వచ్చాయి. ముస్లిం ఫండ్లలో పద్ధతి తేలిక. నగలు పెట్టుకుని వడ్డీ లేకుండా అప్పు ఇస్తారు, అప్పు దరఖాస్తు ఫారం అమ్మి ఆఫీసు ఖర్చు రాబట్టుకుంటారు. ఇటీవల ఢిల్లీలోని సహూలత్ మైక్రోఫైనాన్స్ సొసైటీ 2010 నుంచి వివిధ రాష్ట్రాల్లో వడ్డీ లేని సహకార పరపతి సంఘాలు పెట్టించి తోడుగా నిలుస్తోంది. మన రాష్ట్రంలో 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఇందుకు వీలిస్తుంది. ప్రభుత్వ వాటా ఉండదు, సభ్యులు తమ నియమావళి తామే రాసుకోవచ్చు, ఏటా ఆడిట్ తప్పనిసరి.

మరి ఇంత వీలున్నా ఇవి ఊరూరా ఎందుకు లేవు? కారణం ఖర్చు. ఇక్కడే డిజిటల్ సంగతి అసలు రంగులోకి వస్తుంది.

వడ్డీ వ్యాపారికి వసూలు ఖర్చు పెరిగితే వడ్డీ పెంచుతాడు. వడ్డీ లేని సంఘం అలా చేయలేదు. అప్పు మీద అసలైన ఆఫీసు ఖర్చు వరకు సేవా రుసుము తీసుకోవచ్చని, అంతకుమించి ఒక్క రూపాయి తీసుకున్నా రిబా అని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1986 అమ్మాన్ సమావేశంలో తేల్చింది. కాబట్టి సంఘానికి మిగులు అన్నది ఉండదు, ఖర్చు తగ్గించుకోవడమే దారి. ఒక ఊహా లెక్క వేద్దాం. ఇద్దరు ఉద్యోగులు, చెరి 15,000 జీతం, ఏడాదికి 3,60,000. గది అద్దె, కాగితాలు, కరెంటు కలిపి 60,000. మొత్తం 4,20,000. ఏడాదికి 20,000 చొప్పున 600 అప్పులు ఇస్తే ఒక్కో అప్పు మీద 700 పడుతుంది, అంటే మూడున్నర శాతం. ఉద్యోగి ఇల్లిల్లూ తిరిగి వాయిదా వసూలు చేసి, చేతి రాతతో పుస్తకం ఎక్కిస్తే ఇంతకంటే ఎక్కువ అప్పులు చూడలేడు. వాయిదాలు యూపీఐలో వచ్చి, లెక్క దానంతట అదే ఎక్కితే ఆ ఇద్దరే 1,200 అప్పులు చూడగలరు. అప్పుడు ఒక్కో అప్పుకు 350, అంటే 1.75 శాతం. ఇందులో దాగిన లాభం ఎవరి జేబులోకీ పోదు, పోకూడదు కూడా. అప్పు తీసుకున్న మనిషి మీద భారం సగమైంది. గల్ఫ్ బ్యాంకులో ఖర్చు తగ్గితే వాటాదారుకు పోతుందని పైన అనుకున్నాం. ఇక్కడ నియమం ప్రకారమే అది అప్పుదారుకు చేరాలి. ఇస్లామిక్ ఆర్థిక వ్యవస్థలో డిజిటల్ వల్ల పేదవాడికి నేరుగా మేలు జరిగే చోటు ఏదైనా ఉందంటే అది ఈ చిన్న సంఘమే. విడ్డూరం ఏమిటంటే డిజిటల్ మీద డబ్బు పెట్టేవాళ్లు ఎవరూ ఇటు చూడరు.

'సున్నా వడ్డీ' అన్న మాట మన ఆడవాళ్లకు బాగా తెలుసు. డ్వాక్రా సంఘాలకు ప్రభుత్వం ఇచ్చే రాయితీ అది. అయితే అక్కడ బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, సభ్యుల బదులు ప్రభుత్వం కడుతుంది. కట్టడం ఆలస్యమైతే ఆ వడ్డీ సభ్యుల నెత్తినే ఉంటుంది. షరియత్ లెక్కలో రెండూ ఒకటి కావు. కానీ నెలనెలా కూర్చుని, పుస్తకం విప్పి, ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో అందరి ముందు చదివే అలవాటు డ్వాక్రా నేర్పింది. ఆ అలవాటు ఏ సాఫ్ట్‌వేర్ కన్నా విలువైనది. వడ్డీ లేని సంఘం పెట్టాలనుకునే మస్జిద్ కమిటీలు ముందు ఆ ఆడవాళ్లను సలహా అడగాలి. సాధారణంగా అడగరు.

మామిడికుదురులో అయితే

2014 జూన్ 27న గెయిల్ పైపులైన్ పేలుడుతో దేశమంతటికీ పేరు తెలిసిన నగరం గ్రామం ఈ మండలంలోనిదే. అక్కడా, చుట్టుపక్కలా ముస్లిం కుటుంబాలకు గల్ఫ్‌తో పాత సంబంధం. ఇలాంటి చోట వడ్డీ లేని సంఘానికి కావాల్సినవి చాలావరకు ఉన్నాయి. నెలనెలా వచ్చే జీతం ఉంది, ఒకరినొకరు ఎరిగిన జనం ఉన్నారు, చేతిలో ఫోన్ ఉంది. తోటలున్న ఇళ్లకు రెండు నెలలకోసారి కొబ్బరి దింపు డబ్బు వస్తుంది. వాయిదాను నెలకని కాకుండా దింపుకని పెట్టుకోవచ్చు. మామూలు బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఒప్పుకోని పని ఇది, సొంత నియమావళి ఉన్న సంఘం చేయగల పని.

చిక్కులూ ఉన్నాయి. మొదటిది ఫోన్ ఎవరిదన్నది. డబ్బు తీసుకునే ఖాలా చేతిలో బటన్ ఫోన్ ఉంటుంది, ఓటీపీ మనవడి ఫోన్‌కు వస్తుంది. "ఖాలా, నంబరు వచ్చిందా, చెప్పండి" అని అడిగేవాడు సంఘం మనిషేనా, సైబర్ దొంగా అని ఆమెకు తెలిసేదెలా? అందుకని ఓటీపీ ఫోన్‌లో అడగకూడదన్నది నియమావళిలోనే రాసుకోవాలి. ఫోన్ లేనివాళ్లకు పుస్తకం, సంతకం, రసీదు పద్ధతి ఉండి తీరాలి. అందరినీ ఒక్కసారే యాప్‌లోకి తోస్తే ఖర్చు తగ్గుతుంది, అవసరం ఎక్కువున్నవాళ్లు బయట మిగిలిపోతారు.

రెండోది మొహమాటం. ఎదురుగా వచ్చి అడిగితే సిగ్గుపడి కట్టే మనిషి యాప్ సందేశాన్ని చూసి పక్కనపెడతాడు. వడ్డీ లేదు, జరిమానాతో సంఘం లాభపడకూడదు, ఇక భయం దేనికి? పాత ముస్లిం ఫండ్లు నగ తాకట్టు పెట్టుకున్నది ఇందుకే. నగ లేనివాళ్లకు ఇద్దరు జామీనుదారులు కావాలి, ఆ ఇద్దరూ ఊళ్లో ఉండాలి. వసూలు చేసే పని యాప్‌కు ఒప్పగించి మనుషులు తప్పుకుంటే మొదటి ఏడాదే అప్పులు మొండి పడతాయి.

మూడోది చట్టం. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం తర్వాత నమోదు లేకుండా జనం దగ్గర డిపాజిట్లు సేకరించడం నేరం. మస్జిద్‌లో నలుగురు పెద్దలు కూర్చుని మంచి మనసుతో మొదలుపెట్టినా అది నేరమే. సహకార సంఘంగా నమోదైతే సభ్యుల దగ్గర మాత్రమే డబ్బు తీసుకోవచ్చు. పేరులో బ్యాంకు అని తగిలించుకోకూడదు. ఎవరైనా 'హలాల్ బ్యాంకు' అని వాట్సాప్‌లో లింకు పంపితే ఆ పేరే మొదటి అనుమానం. రిజర్వు బ్యాంకు నడిపే సచేత్ పోర్టల్‌లో ఆ సంస్థ గురించి చూసుకోవచ్చు, అక్కడే ఫిర్యాదు కూడా చేయవచ్చు.

సంఘం యాప్ ఏం చూపించాలి అన్నది కూడా ఇక్కడే తేలాలి. ఐఎంఏ, హీరా విషయంలో సభ్యుడికి కనిపించింది తన లాభం. వడ్డీ లేని సంఘంలో కనిపించాల్సింది అందరి లెక్క. ఈ నెల మొత్తం పొదుపు ఎంత, అందులో ఎంత అప్పుగా బయట ఉంది, ఎంత బ్యాంకులో నగదుగా ఉంది, ఎన్ని వాయిదాలు మూడు నెలలు దాటాయి, ఆఫీసు ఖర్చు ఎంతైంది, ఆడిట్ ఎప్పుడైంది. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. కువైట్‌లో ఉన్న మనిషి రాత్రి పదింటికి ఫోన్ తెరిస్తే ఈ ఆరు అంకెలు కనబడాలి. ఈ పనికి కోట్ల రూపాయల సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

అయితే ఆ కువైట్ మనిషి నేరుగా సభ్యుడు కావడం తేలిక కాదు. విదేశంలో ఉంటున్నవాళ్ల డిపాజిట్లను ఎవరు తీసుకోవచ్చు, ఎలా తీసుకోవచ్చు అన్నదానికి విదేశీ మారకం చట్టం కింద వేరే నిబంధనలున్నాయి. ఊళ్లో సంఘం వాటి జోలికి పోతే లేని తలనొప్పి. మిగిలిన దారి, డబ్బు ఎప్పట్లాగే ఇంటి ఖాతాకు వచ్చి, ఇంట్లో ఉన్నవాళ్లు సభ్యులుగా చేరి, వాళ్ల పేరున పొదుపు కట్టడం. మామిడికుదురులో ఇంట్లో ఉన్నవాళ్లంటే ఎక్కువగా భార్యలు, తల్లులు. మస్కట్‌కు తల్లే వెళ్లిన ఇంట్లో కూతురు. అంటే సంఘం సభ్యుల జాబితాలో ఎక్కువ పేర్లు ఆడవాళ్లవే ఉంటాయి. సర్వసభ్య సమావేశంలో ఓటు వాళ్లదే, లెక్క అడిగే హక్కూ వాళ్లదే. ఆ సమావేశం ఎక్కడ పెట్టాలి, వాళ్లు వచ్చి కూర్చునే చోటు ఉందా అన్నది యాప్ కొనడానికి ముందే కమిటీలు తేల్చుకోవాల్సిన విషయం.